మోత్కూర్ ఫ్లయింగ్ క్లబ్ సెక్రెటరీ గారు

అమరేందర్ మనిషి ఎదురైతే ఊరడగడు, పేరడగడు. మెంబరువా కాదా అని అడుగుతాడు. కరెంటాఫీసులో రిటైరయ్యాక హైదరాబాదు పోయి ఎగిరే బండి నడపడం నేర్చుకుని, పదిమంది దోస్తులతో కలిసి ఒకటి కొన్నాడు. పైన గొడుగు గుడ్డ, వెనక పెద్ద ఫంకా, మధ్యలో రెండు సీట్లు. మోత్కూర్ పక్కన చెలకలో క్లబ్బు పెట్టిన నాటి నుంచీ ఇదే రోగం.

అంటించినవాడు భువనగిరి ఆడిటర్ ప్రేమ్‌సాగర్. "మెంబర్లు మీలో మీరు సరదాకు తిరిగితే పన్ను మాఫీ అన్నా. బయటోన్ని కిరాయికి ఎక్కిచ్చుకున్నవా, మాఫీ పాయె," అన్నాడు. అతను చెప్పింది అంతే. మిగతాదంతా అమరేందర్ సొంత పైత్యం.

భార్య సావిత్రమ్మ క్లబ్బు షెడ్డుకు చాయ్ తీసుకుపోతే, గడప దగ్గరే ఆపి విజిటర్ల రిజిస్టర్ చాపేవాడు.

"సంతకం జెయ్యి. వచ్చిన పని కాడ చాయ్ అని రాయి."

"ముప్పై ఏండ్ల సంది నీకు వండిపెడుతున్న. నేను విజిటర్‌నా?"

"ఇంట్ల కాదు, ఈడ. ఫారమిస్త, మెంబరువైతవా?"

"నీ ఫారం పొయిల వెట్ట."

ఓనాడు గొడుగు గుడ్డ మీద కొంగ వాలింది. "ముందుగాల దాన్ని అడుగుపో," అని ఫ్లాస్కు గడప బయటే పెట్టి వచ్చేసిందామె.

విత్తనాల దుకాణం నాగరాజు కొడుకు పెండ్లికి పైనుంచి పూలు చల్లితే లక్ష ఇస్తానన్నాడు. కొత్త ఇంజను లేక బండి మూలుగుతున్న రోజులవి.

"మెంబరువా?" అన్నాడు అమరేందర్.

"అయిత తియ్యి. ఫీజెంత?"

"ఫీజు లేదు. ఏడో రూలు. ఒక పూట ఈ చెలకల రాళ్లేరాలె."

నాగరాజు తన తెల్ల ప్యాంటు చూసుకుని మోటరుసైకిలెక్కాడు. సావిత్రమ్మ నెత్తి కొట్టుకుంది.

నెల తిరక్కముందే పన్నుల ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం పోయింది: బుధవారం బుధవారం కూలోళ్లను కిరాయికి తిప్పుతున్నాడని. నల్లగొండ నుంచి ఇన్‌స్పెక్టర్ దిగాడు. అది నిజమైతే మాఫీ రద్దు. పన్ను కట్టలేక బండి అమ్ముకోవడమే. సావిత్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కట్టుకున్నదాన్ని గడప దగ్గర ఆపినవాడు ఎవరెవరినో ఎక్కించుకు తిరుగుతున్నాడా?

ఆమె, ఇన్‌స్పెక్టర్ చెలకలో నిలబడి చూస్తుండగానే బండి వచ్చి దిగింది. అమరేందర్ వెనక సీట్లో, కొంగు తలకు బిగించుకుని, పత్తి ఏరే బక్కమ్మ.

"అవ్వా, ఎన్ని పైసలిచ్చినవ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పైసలెందుకు సారూ? నేను మెంబర్ని. ఈ చెలకల రాళ్లు ఏరింది మేమే."

అమరేందర్ మెంబర్ల పుస్తకం విప్పాడు. దోస్తుల సంతకాల కింద ముప్పై ఒక్కమంది పత్తి కూలీల వేలిముద్రలు.

"పేరుకే మెంబర్లా? మీటింగులకు గూడ పిలుస్తరా?"

"పిలుసుడేంది సారూ, ఈయన్ను సెక్రెటరీ జేసిందే మా ఓట్లు. జర తక్కువ మాట్లాడుమని మొన్న తీర్మానం గూడ జేసినం. ఇంటలేడు."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. తప్పేమీ కనిపించలేదని రాసిస్తానని చెప్పి జీపెక్కాడు.

సావిత్రమ్మ మొగుడి మీదికి పోయింది. "ఇంతమందిని తిప్పుతున్న అని నాకొక్క మాట జెప్తే నీ సొమ్మేం పోయె?"

"క్లబ్బు ముచ్చట్లు బయటోళ్లకు జెప్పొద్దు. తొమ్మిదో రూలు."

బక్కమ్మ మధ్యలోకి వచ్చింది. "మొదాలు ఊకెనే తిప్పుతా రాండ్రని పిలిసిండమ్మా. ఒకలి పుణ్యానికి ఎక్కుడేందని మేమెవ్వలం రాలే. అటెనుక ఈ రాళ్ల రూలు వెట్టిండు. రాళ్లేరి ఎక్కితే ఇంక సిగ్గేంది?"

అమరేందర్ గొడుగు గుడ్డ మడతపెట్టే పనిలో పడ్డాడు. సావిత్రమ్మ కాసేపు అతని వీపు కేసి చూసింది.

"పైన భయమైతదా బక్కమ్మా?"

"భయమా? పానం నిమ్మళమైతది. ఫంకా సప్పుడుకు ఈయన మాట ఒక్కటి గూడ ఇనవడది."

సావిత్రమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఆ రాళ్ల తట్ట ఇటియ్యి," అంది.