సిగరెట్ల జీపు

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన ఏడాది, నన్ను పెద్దాపురంలో మా మేనత్త ఇంట్లో ఉంచారు. మేనత్త మంచిదే గానీ ఆవిడకు ఐదుగురు పిల్లలు. అన్నం వేళకి తప్ప ఆ ఇంట్లో నేనున్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఆ ఆషాఢంలో మరిడమ్మ జాతరకి ఒక సిగరెట్ల కంపెనీ జీపు వచ్చింది. మైకులో పాటలు, చుట్టూ రంగు కాగితాలు. జీపులో ఉన్న ఆయనది నవ్వు మొహం. జనంలో ఒక్కదాన్నే నిలబడి ఉన్న నన్ను చూసి, "రా, బంగారుతల్లీ!" అంటూ ఎత్తి బానెట్ మీద కూర్చోబెట్టాడు. నెత్తిన ఎర్ర టోపీ పెట్టాడు. సిగరెట్లున్న పళ్లెం చేతికిచ్చి, వచ్చినవాళ్లకి తలా ఒకటి ఇమ్మన్నాడు. చిన్నపిల్ల ఇస్తుంటే కాదనేదెవరు? నూనూగు మీసాల కుర్రాళ్లు కూడా సిగ్గుపడుతూనే తీసుకున్నారు. అమ్మ పోయాక నన్ను అంత ముద్దుగా పిలిచిన మనిషి ఆయనే. రోజూ బడి వదలగానే అక్కడికే పరుగెత్తేదాన్ని.

నాలుగో రోజు పక్కింటి అక్క చూసింది. ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టేది. సిగరెట్లు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడై వాళ్ల నాన్న మంచాన పడ్డాడు. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జీపు ఆయన్ని మర్యాదగానే అడిగింది.

"మీకు పిల్లలున్నారాండి?"

"ఇద్దరమ్మా. చక్కగా చదువుకుంటున్నారు."

"వాళ్లనీ తీసుకురాకపోయారా? ఈ పళ్లెం వాళ్లు పట్టుకునేవారు కదండి."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "మా పిల్లలకెందుకమ్మా ఇవన్నీ?"

"పోనీ, ఈ పిల్ల పేరేంటో చెప్పండి."

ఆయన నా వైపు చూశాడు. చెబుతాడేమోనని నేనూ ఆయన వైపే చూశాను. చెప్పలేదు. ఇన్ని రోజుల్లో నా పేరు ఒక్కసారి కూడా అడగలేదని నాకు అప్పుడే తట్టింది.

అక్క నన్ను కిందికి దింపి, టోపీ తీసి బానెట్ మీద పెట్టింది. దారంతా ఏడ్చాను. టోపీ కోసమనుకుంది పాపం. మర్నాటి నుంచి సాయంత్రాలు తన పక్కన కూర్చోబెట్టుకుని గుండీలు కుట్టడం నేర్పింది. అయినా జాతర ముగిసేదాకా, ఆ మైకు వినిపించినప్పుడల్లా సూది పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయేది.

ఇప్పుడు భీమవరంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న ఇంటర్ చదువుతున్న మనవరాలి బ్యాగులో పెన్నులాంటిదొకటి దొరికింది. మామిడిపండు వాసన. ఈ-సిగరెట్ అట. అమ్మకూడదని చట్టం ఉంది. అయినా ఎవరో ఫోనులో స్నేహంగా పలకరించి, వారం రోజులు కబుర్లు చెప్పి, తర్వాత పంపించారట. మా అమ్మాయి కేకలేసింది. అందరూ వెళ్లాక పిల్ల పక్కన కూర్చుని, "కాలేజీలో నీకెవరూ తోడు లేరా అమ్మా?" అని అడిగాను. లేరన్నట్టు తలూపింది.

ఇలాంటి అమ్మకాలను ఇంకా గట్టిగా ఆపాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ బానెట్ మీద కూర్చున్నప్పుడు నాకెంత హాయిగా ఉండేదో నేను అక్కతో కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ హాయిని ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. అందుకే ఏ పిల్లనీ ముందుగా తిట్టలేను.