ముందు అడుగు

పసుపు వాసనా పెట్రోలు వాసనా కలిసి ముక్కుకు తగిలితే ఇతరులకు ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం నా తెలివితక్కువతనం గుర్తొస్తుంది. ఈ ఉదయం చీరాలలో నా షాపుకి ఒకాయన బోటు ఇంజను తెచ్చాడు. చేపల వేట నిషేధం ముగిసిందని పూజ చేసినట్టున్నాడు, ఇంజను ఒళ్లంతా పసుపే. స్పానరు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పుట్టి పెరిగిన తెలుగులో ఒక్క మాట అర్థం కాక నవ్వులపాలైనవాణ్ణి నేను. ఆ మాట చెప్పింది మా ఓనరు మస్తాన్ సాయిబు గారు.

అంతకుముందు నేను పర్చూరు వైపు పత్తి మిల్లులో మోటార్లు చూసేవాణ్ణి. మిల్లు మూతపడ్డాక సాయిబు గారి బోటు ఇంజన్ల షాపులో చేరాను. నేలమీద మోటారు తెలిసినవాడికి నీళ్లమీద మోటారు ఒక లెక్కా అనుకున్నాను. నీళ్లు నమలాల్సి వస్తుందని అనుకోలేదు. సాయిబు గారు భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. తనంత మెకానిక్కు ఈ తీరంలోనే లేడని ఆయనే చెప్పుకునేవారు. ఇంకొకరు చెప్పేదాకా ఆగే ఓపిక ఉండేది కాదు.

నిషేధం ముగిసిన రోజు కోటయ్య బోటు కాస్త దూరం పోయి, దగ్గి, ఆగిపోతే ఒడ్డుకు లాక్కొచ్చారని కబురొచ్చింది. సాయిబు గారు ఇంకో పనిలో ఉండి నన్ను ముందు పొమ్మన్నారు. "ఇంజను మీద చెయ్యి వేసేముందు అడుగు. తెలిసిందా?" అన్నారు. తెలిసిందన్నాను.

నేను వెళ్లేసరికి మిగతా బోట్లన్నీ వేటకు పోయాయి. ఒడ్డున కోటయ్య తల్లి, కొత్త కోడలు నాగమణిని చూస్తూ, హారతిచ్చిన చెయ్యి ఎలాంటిదోనని అందరికీ వినపడేలా అంటోంది. ఆ పిల్ల తల ఎత్తడం లేదు. ఈ పూట బోటు కదలకపోతే ఆ మాట ఆమెకు జన్మంతా అంటుకుంటుందని నాకూ తెలుస్తూనే ఉంది.

నేను అడుగు చూశాను. అంటే ట్యాంకు అడుగు. నీళ్లు చేరాయేమోనని పెట్రోలంతా వంచాను. చుక్క నీరు లేదు. మళ్లీ పోసి మూత బిగించాను. ప్లగ్గు మార్చాను, ఫిల్టరు కడిగాను, కార్బొరేటరు విప్పి గోతం మీద పరిచాను. అన్నీ బిగించి తాడు లాగితే ఇంజను అందుకుంది. నేను మీసం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి దించేలోపే ఇంజను దగ్గి ఆగింది. ముసలామె మళ్లీ కోడలి వైపు చూసింది.

అప్పుడొచ్చారు సాయిబు గారు. "ఏరా, అడిగావా?"

"అడుగంతా చూశానండి. శుభ్రంగా ఉంది."

ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. "ఒరేయ్, ట్యాంకు అడుగు కాదురా! మనుషుల్ని అడుగు అన్నాను." ఆ రోజు నుంచి షాపులో నా పేరు 'అడుగు'.

నవ్వు ఆపుకుని నాగమణి ఎదురుగా ఇసుకలో చతికిలబడ్డారు. ఆ భారీ గొంతు ఎక్కడ దాచారో, పొద్దున్నుంచి ఏమేం చేశావమ్మా అని కూతుర్ని అడిగినట్టు అడిగారు. ఆమె మెల్లగా చెప్పింది. ఇంజను తుడిచిందట, పసుపు రాసిందట, ట్యాంకు మూత మీద నడిమధ్యన పసుపు ముద్ద పెట్టి బొట్టు పెట్టిందట. సాయిబు గారు విశేషమేమీ విననట్టే తలూపి, ఒక పిన్నీసు అడిగి తీసుకుని బోటెక్కారు. మూత సడలించగానే ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. మూత మధ్యలో ఉండే చిన్న చిల్లు ట్యాంకుకి ముక్కు. అది మూసుకుపోతే కాసేపు నడిచాక పెట్రోలు దిగదు. ఆ ముక్కున్న మూతనే నేను నా చేత్తో విప్పి, మళ్లీ భద్రంగా బిగించాను.

ఆయన ఒడ్డుకు వీపు పెట్టి పిన్నీసుతో పొడుస్తుంటే పసుపు పెళ్లలు రాలాయి. నేను నోరు తెరిచాను. ఆయన నా కాలు తొక్కారు.

"ఉప్పుగాలికి చిల్లు పూడిందమ్మా, ఎవరి బోటుకైనా అయ్యేదే," అన్నారు ముసలామెతో. తర్వాత నాగమణిని పిలిచి, "నీ చేత్తోనే మళ్లీ పెట్టు తల్లీ. బోటుకి బొట్టు నుదుటి మీద పెట్టాలి, నెత్తి మీద కాదు," అన్నారు. ఆమెకు అర్థమైంది. ఆ పొద్దుట మొదటిసారి తలెత్తింది. బోటు అలలు దాటి, చుక్కంతై, కనపడకుండా పోయేదాకా ఆగలేదు.

దారిలో, నిజం ఎందుకు చెప్పలేదండీ అన్నాను.

"అడిగితే చెప్పిందిరా. చెప్పినందుకు తిట్లు తింటే, రేపు మనకెవరు చెప్తారు?"

నేను ఈ షాపు పెట్టుకున్నాక స్పానర్లు చాలానే కొన్నాను గానీ, వాటన్నిటికంటే ఎక్కువ వాడేది ఆ మాటనే. ఈ ఉదయం ఇంజను తెచ్చినాయన్ని కూడా ముందు కూర్చోబెట్టి, టీ ఇచ్చి అడిగాను.

సాయిబు గారు ఇప్పుడు షాపు మానేసి మిరప వేస్తున్నారు. నిరుడు ఒకరోజు ఫోన్ చేసి, మందు కొట్టే స్ప్రేయరు నడిచి నడిచి ఆగిపోతోంది, రారా అన్నారు. వెళ్లేసరికి తీరంలోకెల్లా పెద్ద మెకానిక్కు గట్టు మీద కార్బొరేటరు విప్పుకుని కూర్చుని, కల్తీ పెట్రోలు తెచ్చావంటూ మందు కొట్టే సుబ్బారావుని తిడుతున్నారు. నేను సుబ్బారావుని పక్కకు పిలిచి అడిగాను. వీపు మీద పెట్రోలు కారుతోందంటే నిన్న సారే మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించారండీ అన్నాడు.

సాయిబు గారు కార్బొరేటరు బిగించేలోపు నేను కవరు ముక్క లాగి జేబులో వేసుకున్నాను. స్ప్రేయరు అందుకుంది. ఆగలేదు. కూలీలంతా చూస్తున్నారు.

"ఏం చేశావురా?" అన్నారాయన.

"అడుగు చూశానండి," అన్నాను.

ఆయన ముందు నన్ను, తర్వాత నా జేబులోంచి తొంగిచూస్తున్న కవరునీ చూశారు. ఆ భారీ మొహం పండుమిరపకాయైంది. సుబ్బారావు వైపు తిరిగి, "పెట్రోలు మంచిదేలేవయ్యా, కొట్టు," అన్నారు. తప్పు తనదేనని కూడా చెప్పబోయి నోరు తెరిచారు. ఈసారి నేనే ఆయన కాలు తొక్కాను. మెల్లగానే.