మామ కోసం అమ్మ పెట్టిన శోకం

జానపదం అంటే మా బమ్రోలి గల్లీలో బతుకమ్మకు డీజే పెట్టి, చెవులు చిల్లులు పడేలా మోగించేదే అనుకునేవాణ్ణి. సూరత్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకేం తెలుసు నా మొహం! అసలు పాట ఏమిటో లాక్‌డౌన్‌లో, మా ఒంటి గదిలో, అమ్మ గొంతులో విన్నాను. అలా వినాల్సి రాకుంటేనే బాగుండేది.

మేం నడిపే మరమగ్గాల సాంచాలు బందై, రైళ్లు ఆగిపోయిన రోజులు. సొంతూళ్లో మేనమామ పోయాడని ఫోనొచ్చింది. అమ్మకు ఒక్కడే అన్న. వెళ్లే దారి లేదు. మా వైపు చావింట్లో ఆడవాళ్లు పోయినవాడి బతుకంతా పాటగా కట్టి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు దాన్ని. చెల్లెలి శోకం లేకుండా అన్నను సాగనంపడమా? అమ్మ ససేమిరా అంది.

"మీ అత్తకు వీడియో కలుపురా. నా ఏడుపు ఇనకుండ మా అన్న ఎట్ల పోతడు?"

కలిపాను. అటు ఎత్తారో లేదో, అమ్మ కొంగు ముఖాన కప్పుకుని అందుకుంది.

"నా పెండ్లి బండెనుక పొలిమేర దాక నడిస్తివి గదనే ఓ అన్నా... ఎనుకకు సూడకు చెల్లే అంటివి గదనే ఓ అన్నా..."

పొద్దస్తమానం నన్ను తిట్టే గొంతేనా ఇది?

ఫోన్లో చూస్తే శవాన్ని పడుకోబెట్టడానికి వాకిట్లో పరిచిన గడ్డి ఉంది, మామ లేడు. రోగం భయంతో ఊరివాళ్లు తొందరపెట్టి అప్పటికే ఎత్తుకుపోయారు. చెప్పొద్దని అత్త చేత్తో సైగ చేసింది. తర్వాత ఆ గడ్డి పక్కనే కూలబడి, "ఓ ఆడిబిడ్డా..." అంటూ తనూ బదులు ఎత్తుకుంది. ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవాల్సిన వదినా మరదళ్లు. ఛీ, ఏం రోజులు వచ్చాయిరా అనిపించింది. ఫోను పట్టుకుని నేనూ ఏడ్చాను.

అమ్మ అలసిపోయి కొంగు తీసేలోపే ఫోను కట్ చేశాను.

"మీ మామ మొఖం జర సూపియ్యిరా."

"సిగ్నల్ పోయిందమ్మా."

"పోనియ్యి. నా గొంతన్న ఇన్నడు గద?"

"ఇన్నడమ్మా."

ఇప్పటికీ చుట్టాలెవరొచ్చినా అమ్మ అదే చెప్తుంది. "మా అన్న నా శోకం ఇనే పోయిండు. గీ పోరడే ఫోన్ పట్టిండు, అడుగుండ్రి."

వాళ్లు నా వైపు తిరుగుతారు. "ఇన్నడు" అంటాను. ఆ మాట నిజమై ఉంటే ఎంత బాగుండేదో.