పదిహేను పలకల చక్రం

ఓడల మరమ్మతు యార్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన ‘అంగుళం’. ముప్పై ఏళ్ల వడ్రంగంలో, కాగితం మీది కొలతకు వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి. ఇంట్లో రొట్టె కోసినా ముక్కలు సమానంగా ఉన్నాయో లేదో స్కేలు తెచ్చి చూస్తాడని తోటివాళ్లు ఆటపట్టించేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

రిటైరయ్యాక మ్యూజియంవాళ్లు ఒక పని అప్పగించారు. నౌకాదళంలో ఒకప్పుడు తిరిగిన చక్రాల స్టీమరుకు చెక్కతో నమూనా చెయ్యాలి. ఓడకు రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, ఒక్కో చక్రానికి నీటిని తోసే పలకలు పదహారు. అసలు ఓడ ఏనాడో తుక్కైపోయింది. అందులో బాయిలరుకు బొగ్గు వేసినవాడు అంగుళానికి స్వయానా అన్న. ఆ బొగ్గు సంపాదనతోనే తమ్ముణ్ణి పని నేర్చుకోవడానికి పంపాడు. అందుకే అంగుళం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. పైకి చెప్పలేదు గాని, అన్న ‘శభాష్’ అంటే వినాలని ఆయన ఆశ.

ముందు గదిలో నాలుగడుగుల ఓడ మెల్లగా లేచింది. అన్న ప్రతి ఆదివారం వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఒక రోజు ఎడమ చక్రం పలకలకు గోరు ఆనించి, తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

“ఒరేయ్, దీనికి పలకలు పదిహేనేరా. ఒకటి తీసెయ్.”

“డ్రాయింగులో పదహారున్నాయి అన్నయ్యా.”

“డ్రాయింగు సంగతి నాకు తెలీదు. ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ తప్పేది. కాళ్ల కింద తెలిసేది. ఆ దెబ్బ తప్పిన చోటే నేను పార ఎత్తేవాణ్ణి.”

అంగుళానికి చిర్రెత్తుకొచ్చింది. “కింద మసిలో పడి ఉన్నవాడివి, బయట చక్రం ఎలా ఉందో నీకేం తెలుసు?”

నోరు జారింది. అన్న శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకున్నాడు. టీ సగంలో వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం రాలేదు. అంగుళమూ వెళ్లలేదు. మొత్తం పూర్తిచేసి, వార్నిషు వేసి, ఒకేసారి పిలిచి చూపిద్దాంలే అనుకున్నాడు. అంత తెలివితక్కువ ఆలోచన ఆయన జన్మలో మరొకటి చెయ్యలేదు. ఇత్తడి కమ్మీలు మెరుగు పెడుతూ నాలుగు నెలలు గడిపాడు. ఇంతలో అన్న ఊపిరితిత్తులు చెడి, రెండు రోజుల్లో పోయాడు.

నమూనా అప్పగించే రోజున, పేరు పలక రాయించడానికి మ్యూజియం అధికారిణి ఓడ పాత మరమ్మతు రిజిస్టరు తెచ్చింది. అలవాటు కొద్దీ అంగుళం కొలతలు సరిచూడబోయాడు. ఒక పేజీలో రెండు ముక్కలు కనబడ్డాయి: ‘ఎడమ చక్రం, ఆరో చువ్వ బీటలు. పలక తొలగించడమైనది, తిరిగి అమర్చలేదు.’

తల కొట్టేసినట్టయింది. ఒక్క రోజు గడువడిగి, నమూనాను వ్యానులో తిన్నగా వదినగారింటికి తీసుకెళ్లాడు. ఆమె ఎదుటే సన్న ఉలితో ఆ పలక ఊడదీసి, గోరు ఆనించి చక్రం తిప్పాడు. టకటకమంటూ వచ్చిన చప్పుడు ఒక చోట తప్పింది.

“ఆ రోజు నా మీద బాగా కోపంగా వచ్చాడా వదినా?”

“బాధపడ్డారు, అదీ ఒక పూట. తర్వాత అంతా గొప్పలే. నా ఓడను మళ్లీ నిలబెట్టాడే మావాడు, ఒక్క పలక తీస్తే అచ్చం అదే అనేవారు. ఆదివారం వస్తే ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవారు, నువ్వు కబురు పెడతావేమోనని.”

“మరి నువ్వైనా నాతో ఒక మాట చెప్పకపోయావా?”

“చెప్పనిస్తేగా! పని మీద ఉన్నాడు, వాణ్ణి కదపకు అన్నారు.”

అంగుళం ఊడిన పలకను గుప్పిట్లో పట్టుకుని లెక్కపెట్టుకున్నాడు. పదిహేడు ఆదివారాలు. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ పదిహేడే వచ్చాయి. ఆ ఇంటికీ తన ఇంటికీ మధ్య ఉన్నది రెండు వీధులు.