చావు లేని ఇంట శోకపాట

హనుమకొండలో ముప్పయ్యేళ్లు సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసిన కుమారస్వామి ఇంటి భాష మరాఠీకి దగ్గరైన ఆరె. నిత్యపూజ ముగియగానే ఆ భాషలోని మాటల మూలాలు వెదకడమే ఆయన వ్యాసంగం. మృష్టాన్నంలోని ‘మృష్ట’ శబ్దమే తమ ఇంట ఉప్పుకు ‘మీఠ్’ అన్న పేరైందని తెలిసిన నాడు ఆయన భోజనమే మరచిపోయాడు.

ఆయన కూర్చుతున్న ఆరె పదకోశానికి ఇక మిగిలింది చావింట ఆడవాళ్లు ఆ భాషలో ఎత్తే శోకపాట. అది వచ్చినది కాశిబుగ్గలో ఉన్న మేనత్త మల్లవ్వ ఒక్కతెకే. అడిగినప్పుడల్లా ఆమె కొట్టిపారేసేది.

“సావు లేని ఇంట్ల ఆ పాట ఎత్తద్దురా. నీ పుస్తకం కోసం ఎవల్నన్న సంపుదామా ఏంది?”

ఆ చలికాలం ఆమెకు ఆయాసం ముదిరింది. ఆశ పెట్టుకోవద్దని దవాఖానలో చెప్పి పంపారు. ఆమెతోపాటే పాట మట్టిలో కలుస్తుందన్న బెంగ కుమారస్వామిని నిలువనీయలేదు. భాష కోసం ఆడే అబద్ధానికి దోషం లేదని దేవుడి ముందు చెప్పుకొని, ఫోన్‌లో రికార్డింగు పెట్టి, మంచం పక్కన కూర్చున్నాడు.

“అత్తా, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. మన మొగిలి పోయిందట.”

మొగిలమ్మ ఆయన చెల్లెలు. తల్లి లేని ఆ పిల్లను పెంచింది మల్లవ్వే. ముసలామె రొమ్ము బాదుకుంటూ పాట ఎత్తుకుంది. అందులో సగం మాటలు ఆయన ఎన్నడూ విననివి. సిగ్గుకన్నా ముందు ఆయనకు సంతోషమే కలిగింది.

పాట ఆపి ఆమె కొంగు సర్దుకుంది. “ఆటో పిలువు. బిడ్డను కడసారి చూస్త.”

అప్పుడు నిజం చెప్పక తప్పలేదు.

మల్లవ్వ తిట్టలేదు. మొగిలమ్మకూ చెప్పలేదు. ఆ రోజు మొదలు మేనల్లుడితో ఆరెలో మాట్లాడడం మానింది. మంచినీళ్లు కూడా తెలుగులోనే అడిగేది. పాటను కాగితం మీద పెడితే నలభైయొక్క మాటలకు అర్థం దొరకలేదు. ఏ ధాతువుతోనూ పొంతన కుదరక, ఆయన ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“ఒక్క మాటకన్న అర్థం చెప్పు అత్తా.”

“నన్నెందుకు అడుగుతవ్? సచ్చిన నీ చెల్లెను అడుగు.”

శివరాత్రి మరునాడు మల్లవ్వ కన్నుమూసింది. పాట ఎత్తేవారు లేక ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“అన్నా, అత్త పాట ఫోన్ల పట్టినవట గద. జర పెట్టరాదు, గదన్న దక్కనీ ఆమెకు,” అంది మొగిలమ్మ.

ఆ పాట నిండా, వరుస వరుసకూ, ఉన్నది మొగిలి పేరే. కుమారస్వామి జేబు మీద చేయి అదిమిపెట్టుకున్నాడు.

“లేదమ్మా, ఫోన్ల నుంచి పోయింది,” అన్నాడు.

ఆడవాళ్లు తెలుగులోనే ఏడ్చారు.