అద్దంలో ఇత్తడి తళుకు

ఎడంచేతి టైలరు మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కత్తెర, సూది, సుద్దముక్క, అన్నీ ఎడంచేత్తోనే. తీరా లారీ కింద పడి పోయిందీ ఆ చెయ్యే! డాక్టర్లు మోచేతి కిందికి తీసేశారు. చెయ్యి పోయింది, నొప్పి మాత్రం పోనంది. లేని పిడికిలి బిగుసుకుపోయి, లేని గోళ్ళు లేని అరచేతిలో దిగబడి ఆయన ప్రాణం తోడేస్తున్నాయి. విసిగి వేసారి కుట్టుమిషను అమ్మకానికి పెట్టేశాడు. కొనేవాడు రేపు పొద్దున్నే వస్తానన్నాడు. అంటే మిగిలింది ఈ ఒక్క పూటే.

ఆసుపత్రిలో థెరపీ అమ్మాయి బల్ల మీద అద్దం నిలబెట్టింది. మొండి చెయ్యి అద్దం వెనక, కుడి చెయ్యి ముందు. అద్దంలోకి చూస్తే పోయిన చెయ్యి తిరిగొచ్చినట్టే ఉంటుంది. కుడి చేతిని మూస్తూ తెరుస్తూ ఉంటే, మెదడు అది ఎడమదేనని నమ్మి ఆ పిడికిలిని వదిలేస్తుందట. పన్నెండు రోజులైంది. నమ్మితే ఒట్టు!

"అది మీ ఎడమ చెయ్యే అనుకోండి మాస్టారూ."

"ముప్పై ఏళ్ళు జనాన్ని అద్దం ముందు నిలబెట్టి కొలతలు చూసినవాణ్ణి తల్లీ. అద్దంలో ఎడమంటే కుడేనని నా కళ్ళకి ముందే తెలిసిపోతోంది. నన్నేం చెయ్యమంటావ్?"

ఆయన భార్య, దుకాణంలో గుండీలు కుట్టేది ఆవిడే, వంగి అద్దంలోకి చూసింది. చూసి చేతిసంచీ మొత్తం బల్ల మీద కుమ్మరించింది.

"బోడిగా ఉంటే అది మీ ఎడమ చెయ్యి ఎలా అవుతుందండీ?"

దొరికింది! సూది గుచ్చుకోకుండా ఆయన నడిమి వేలికి పెట్టుకునే సొట్టల ఇత్తడి తొడుగు.

"పారెయ్యమన్నానుగా!"

"మీరు పారెయ్యమన్నవన్నీ పారేస్తే ఇంట్లో గోడలే మిగిలేవి. వేలివ్వండి."

కుడి వేలికి తొడిగింది. అద్దంలో ఎడమ వేలి మీద ఇత్తడి తళుక్కుమంది. మాస్టారు అద్దంలోకి వంగాడు. తన చెయ్యి! ముమ్మాటికీ తన చెయ్యే! మెల్లగా వేళ్ళు తెరిచాడు. అద్దం వెనకాల, ఏమీ లేని చోట, చూపుడువేలు కదిలింది. ఒక్కో గోరూ అరచేతిని వదులుతోంది.

"విప్పుకుంటోంది! ఏమేవ్, విప్పుకుంటోందే!"

వేళ్ళు తెరిచినప్పుడల్లా అంకెలు చెబుతున్న థెరపీ అమ్మాయి లెక్క తప్పి, పదకొండు తర్వాత మళ్ళీ ఏడు అంది. ముగ్గురూ పిల్లల్లా నవ్వారు, ఏడ్చారు కూడా.

సాయంత్రానికి మళ్ళీ బిగిసింది. రోజూ చేస్తేనే తగ్గుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. మాస్టారు బెదరలేదు. దుకాణంలో అద్దాన్ని బల్ల మీదికి దించి, ఇత్తడి తొడుగు పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంటలో పిడికిలి మళ్ళీ వదులైంది.

పొద్దున్నే కొనేవాడు వచ్చాడు. మిషను మీద గుడ్డ ఉంది, గుడ్డ మీద వంకరటింకర కుట్టు ఉంది. మాస్టారి మెడలో టేపు వేలాడుతోంది.

"మిషను అమ్మట్లేదయ్యా. వచ్చావు కదా, నిలబడు, కొలతలు తీసుకుంటాను."

టేపు ఒక కొస కుడిచేత్తో పట్టుకున్నాడు. రెండో కొస ఆయన భార్య అందుకుంది.