చీమలు ముట్టని కేసరి

ఆ రోజుల్లో ఒక ఇల్లాలి సామర్థ్యాన్ని కొలవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. పక్కింటావిడ మజ్జిగ తోడుకని వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, పంచదార డబ్బా వైపు ఒక్క చూపు చూసేది. డబ్బా చుట్టూ చీమలుంటే ఇల్లాలు చేతకానిదని, చీమలు లేకపోతే ఆ ఇంట్లో పంచదార నిండుకుందని సాయంత్రానికి వీధంతా తెలిసిపోయేది. (ఈ రెండింటికీ మధ్య పరువుగా బతికే దారి ఏదన్నా ఉందా అని నేను చాలాకాలం వెతికాను. లేదు.)

డెబ్బైల్లో నేను తిరువూరు కాపురానికి వచ్చేనాటికి నా దగ్గర ఓ ట్రంకుపెట్టెడు చీరలు, జువాలజీతో బీయస్సీ డిగ్రీ, లోకంలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసన్న నమ్మకం ఉన్నాయి. చీరలు పాతబడ్డాయి, డిగ్రీ కాగితం పసుపురంగుకి తిరిగింది గానీ, ఆ నమ్మకం మాత్రం మొదటి ఎండాకాలంలోనే పోయింది. పోగొట్టినవి చీమలు. మా ఆయన పెనుగొలను బళ్ళో లెక్కల మాస్టారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రం సుద్దపొడితో తిరిగొచ్చేవారు. మావయ్య గారు అంతకు ముందే పోయారు. అత్తయ్య జీవితమంతా చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించి రిటైరైన టీచరమ్మ. నేను వచ్చిన కొద్దిరోజులకే నన్ను వంటింట్లోకి పిలిచి, గరిటె చేతికిచ్చి, "ఇన్నేళ్ళూ బళ్ళో పిల్లలతో, ఇంట్లో పొయ్యితో వేగాను అమ్మాయ్. ఇక ఈ వంటిల్లు నీది. నేను వేలు పెట్టను" అంది. "వేలు పెట్టనంది గానీ నోరు పెట్టననలేదు, చూసుకో" అని ఆయన నా చెవిలో అన్నారు. నేను ఆ మాట పట్టించుకోలేదు. నాకొక రాజ్యం దొరికిందన్న సంతోషంలో ఉన్నాను. ఆ రాజ్యానికి అప్పటికే వేరే పాలకులున్నారన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

బస్టాండుకి కాస్త అవతల, మట్టితో కట్టి పైన సున్నం వేసిన పాత అద్దె ఇల్లు అది. ఎండలు ముదిరేసరికి గోడలు నెర్రెలు విచ్చేవి. ప్రతి నెర్రెలోంచీ సన్నని ఎర్రచీమల బారు దిగేది. పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెడితే, ముందొచ్చినవి మునిగి వంతెన కట్టేవి, వెనకొచ్చినవి దాని మీద నడిచిపోయేవి. పసుపు గీత గీస్తే పెళ్ళికూతుళ్ళలా పసుపు పూసుకుని మరీ లోపలికొచ్చేవి. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చీమలు పోలేదు గానీ, రెండు పూటలు పప్పులో కిరసనాయిలు వాసన వచ్చింది. ఒకరోజు ఆయన టీ గ్లాసులోకి తేరిపార చూసి, "ఏమోయ్, ఇందులో ఈతపోటీలు జరుగుతున్నాయే" అన్నారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అత్తయ్య వెంటనే, "తాగరా, చీమలు తింటే కళ్ళు బాగా కనపడతాయి" అని నన్ను వెనకేసుకొచ్చింది. (ఆ వైద్యం ఆయనకి చిన్నప్పటి నుంచీ జరుగుతోందట. సోడాబుడ్డి కళ్ళద్దాలు మాత్రం అలాగే ఉన్నాయి.)

ఆ పూటే నాకు కాలేజీలో మా మేడమ్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. పుట్టలో రాణి బయటికి రాదు. కూలి చీమలు తెచ్చి నోటికందిస్తేనే దానికి తిండి. కనపడిన చీమల్ని చంపి లాభం లేదు. మెల్లగా పనిచేసే మందు తీపిలో కలిపి పెడితే, అవే మోసుకెళ్ళి రాణికి తినిపిస్తాయి. రాణి పోతే పుట్ట పోతుంది. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చేతులు తిప్పుతూ వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే ఇంట్లో కూర్చుని అందరిచేతా పనులు చేయించుకునేది రాణి. అయితే అత్తగారన్నమాట" అన్నారు. అత్తయ్య మజ్జిగ పోస్తున్న చెంబు ఆపి కొడుకు వైపు చూసింది. ఆ పూట ఆయనకి మజ్జిగ పలచగానే పడింది.

మర్నాడు మందుల షాపుకి వెళ్ళి బోరిక్ పౌడర్ అడిగాను. షాపాయన పొట్లం కడుతూ, "క్యారమ్స్ బోర్డుకా అమ్మా?" అన్నాడు. "కాదండి, చీమలకి" అన్నాను. ఆయన పొట్లం కట్టడం ఆపి, "చీమలు క్యారమ్స్ ఆడతాయా అండి?" అని ఎంతో గౌరవంగా అడిగాడు. అక్కడ నిలబడి ఆయనకీ రాణి కథ చెప్పాను. షాపులో ఉన్నవాళ్ళంతా విన్నారు. మాస్టారి భార్య చీమలకి మందిస్తోందన్న వార్త నాకంటే ముందే ఇంటికి చేరింది.

మందంటే ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదని నా లెక్క. పంచదార ఎంతో పౌడరూ అంత కలిపి కొబ్బరిచిప్పలో పెట్టాను. చీమలు వచ్చాయి, మీసాలు తాకించాయి, వెనక్కి తిరిగాయి. తెల్లారేసరికి చిప్ప చుట్టూ ఓ చక్కటి మలుపు వేసుకుని పంచదార డబ్బా దగ్గరికే వెళ్తున్నాయి. "ఘాటైనట్టుంది" అన్నారాయన. మందు బాగా తగ్గించాలని అర్థమైంది. కానీ రేషను పంచదార చీమలకి తగలేయడానికి మనసొప్పలేదు. ముందురోజు నేను చేసిన రవ్వకేసరి గిన్నెలో అలాగే ఉంది. (ఎందుకు మిగిలిందని అడక్కండి. ఆయన 'కడుపు నిండింది' అన్నారు, అత్తయ్య 'పళ్ళు నొప్పిగా ఉన్నాయి' అంది. ఆ మాటలు నేను నమ్మాను, అంత చిన్నదాన్ని.) అందులోంచి ఓ ముద్ద తీసి, చిటికెడు మందు కలిపి పెట్టాను. చీమలు రాలేదు. మందు ఘాటేమోనని అసలు మందే కలపని కేసరి ముద్ద దాని పక్కన పెట్టాను. ఓ చీమ వచ్చింది, ముద్ద ఎక్కింది, పైన కాసేపు నిలబడి నలుదిక్కులా చూసింది, దిగి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఎవరూ రాలేదు. ఆయన నా వెనకే గొంతుక్కూర్చుని, "ఎంత తెలివైన ప్రాణులోయ్!" అని, నా మొహం చూసి, "బస్సుకి టైమైంది" అని లేచిపోయారు. అది ఆదివారం.

నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అత్తయ్య వచ్చింది. ఉట్టి మీద గిన్నెలోంచి తను చేసిన సున్నుండ ఒకటి తీసి, చిన్న పలుకు తుంచి నేల మీద పెట్టి, నా పక్కనే చతికిలబడింది. నేను ముక్కు చీదుకునేలోపే ఆ పలుకు ఎర్రబడిపోయింది. విస్సన్నపేట నుంచి తెప్పించిన బెల్లం, కమ్మటి నెయ్యి, దోరగా వేయించిన మినప్పప్పు. నాకే నోరూరింది, చీమలనేం అనగలం! "అత్తయ్యా, ఇందులో మందు కలుపుదాం" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "తిండి పెట్టి చంపడం మన ఇంటావంటా లేదమ్మాయ్" అంది. చాలాసేపు బతిమాలాను. చివరికి ఆవిడ, "మందు నువ్వే కలుపు. నేను సున్నుండ మటుకే ఇచ్చాను. రేపు దేవుడడిగితే అదే చెప్తాను" అని ఉండ నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఉండ చిదిపి, చిటికెడు మందు కలిపి కొబ్బరిచిప్పలో పెట్టాను. ఈసారి పని జరిగింది. ఎంతగా జరిగిందంటే, వీధి గోడలోంచి బయల్దేరిన బారు ముందుగది మొత్తం దాటి వంటింట్లోకి వచ్చేది. పెళ్ళి ఊరేగింపులా వచ్చేవి, తలకో నలుసు ఎత్తుకుని వెళ్ళేవి. వాటిని కదిలిస్తే మందు రాణికి చేరదు. అందుకని నేను కాపలా కూర్చున్నాను. "ఏవండీ, అటు కాదు, ఇటునుంచి నడవండి!" "అత్తయ్యా, చీపురు ఆపండి!" చీమల్ని చంపడానికి నడుం కట్టినదాన్ని, వాటికి దారిచ్చే పోలీసునైపోయాను. అత్తయ్య తన ఇంట్లో తనే కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బారు మీదుగా దాటుతుంటే, పక్కింటావిడ గుమ్మంలోంచి, "మీ కోడలు చీమల్ని పెంచుతోందటగా టీచరమ్మా?" అంది. "ఏదో ఒకటి పెంచనీయండి, చిన్నపిల్ల" అంది అత్తయ్య.

సరిగ్గా ఆ వారంలోనే మా ఇంట్లో ప్రార్థన కూడిక వచ్చి పడింది. మా సంఘంలో వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరిగేది. కొత్త కోడలి ఇంట్లో ఇదే మొదటిసారి కాబట్టి సంఘమంతా వస్తుంది. వచ్చిన ఆడవాళ్ళ కళ్ళు ప్రార్థనలో తప్ప మిగతా సమయమంతా తెరుచుకునే ఉంటాయి. "చిప్ప తీసి పారేయ్ అమ్మాయ్, ఈ ఒక్కపూటకి" అంది అత్తయ్య. ఇన్నాళ్ళ కష్టం వృథా అవుతుందని నేను ఒప్పుకోలేదు. బారు గది మధ్యలోంచి పోకుండా చిప్పని వీధిగోడ వారకి, ఎవరికీ కనపడని మూలకి జరిపాను. అవీ బుద్ధిగా అటే మళ్ళాయి. నా తెలివికి నేనే మురిసిపోయి పిండివంటలు సర్దడానికి లోపలికెళ్ళాను. ఈలోగా అత్తయ్య, పాస్టరయ్యగారికి గాలి తగలాలని, ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీని కిటికీ పక్కకి, అంటే సరిగ్గా ఆ మూలకి, జరిపి దుప్పటి కప్పింది. ఆ దుప్పటి అంచు నేలదాకా వేలాడింది.

అయ్యగారు ఎ.కొండూరులో ఇంకో కూడిక ముగించుకుని బస్సు దిగి వచ్చారు. భారీ మనిషి, భారీ గొంతు, ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికి దిగేదని ప్రతీతి. గోడ మీద బారు చూసి సంతోషించి, అనుకున్న ప్రసంగం పక్కనపెట్టి, చీమల మీదే చెప్పారు. వాటి కష్టం, క్రమశిక్షణ, రేపటి కోసం దాచుకునే గుణం. "ఆ చిన్న ప్రాణి ఎక్కడికి వెళ్తోందో, ఏం మోసుకెళ్తోందో మనలో ఎవరికైనా తెలుసా?" అన్నారు. నాకు తెలుసు. చాప మీద ఇంకాస్త ముడుచుకుని కూర్చున్నాను.

చివరి ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. సంఘం గురించి, రోగుల గురించి నెమ్మదిగా సాగుతున్న గొంతు, ప్రయాణాల్లో ఉన్నవారి దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి పైకి లేచింది. "ప్రభువా!" అన్నారు, అంతకు ముందెప్పుడూ అనని స్థాయిలో. ఆవేశం వచ్చిందనుకుని అందరూ "ఆమెన్!" అన్నారు. "ప్రభువా! ప్రభువా!" మళ్ళీ ఆమెన్. నేను ఓరగా ఒక కన్ను తెరిచాను. అయ్యగారు కళ్ళు గట్టిగా మూసుకునే, ఒక కాలితో రెండో కాలిని రుద్దుకుంటున్నారు. తెల్లటి పంచె మీద ఎర్రటి బారు మోకాలు దాటింది. గదికి అటువైపు ఇంకో రెండు కళ్ళు కూడా తెరిచి ఉన్నాయి. అవి అత్తయ్యవి. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. ఆవిడ నాకు సైగ చేసింది, కళ్ళు మూసుకోమని. ప్రయాణాల్లో ఉన్నవారు ఇంకా గమ్యం చేరకుండానే అయ్యగారు "ఆమెన్" అని లేచి, పెరట్లోకి అంత భారీ మనిషి వెళ్ళగలిగినంత వేగంగా వెళ్ళిపోయారు.

ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి చిప్ప బయటపడింది. గదిలో గుసగుసలు. నా కాళ్ళ కింద నేల నెర్రె విచ్చితే చీమలతో పాటు అందులోకి దూరిపోయేదాన్ని. "ఏంటమ్మా ఇది?" అన్నారు అయ్యగారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ముందుకొచ్చి, "నేనే పెట్టానయ్యగారూ. చీమల మందు. కుర్చీ వేసిందీ నేనే" అంది. ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషి. (సగం నిజమే కదా అని తరువాత నాతో అంది.) అయ్యగారు కాసేపు చిప్పని చూసి, పిక్క గోక్కుంటూ, "క్రమశిక్షణ గురించి నేను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. వరసగానే కుట్టాయి" అన్నారు. ముందు ఆయనే నవ్వారు, తరువాత ఇల్లంతా నవ్వింది.

పలహారాలు తేబోతే ఇంకో ఉపద్రవం. ఈ గొడవలో చెదిరిన చీమలు వంటింట్లోకి దారి తీసి సున్నుండల పళ్ళెం, జంతికల పళ్ళెం పట్టేశాయి. అన్నిటి మధ్యా ఒక్క చీమైనా లేకుండా నిగనిగలాడుతున్నది ఆ పొద్దున నేను కొత్తగా చేసిన కేసరి ఒక్కటే. వేరే గతిలేక అదే పెట్టాం. అయ్యగారు తిని, "ఎంత శుభ్రంగా చేశావమ్మా! ఒక్క చీమ కూడా లేదు" అని మెచ్చుకున్నారు. రుచి సంగతి ఎత్తలేదు. ఆయన సత్యవంతుడని అందరూ అనేవారు, నిజమే. మా ఆయన నవ్వు ఆపుకోలేక, దగ్గు వచ్చిందని చెప్పి వీధిలోకి పరిగెత్తారు.

కొన్నాళ్ళకి బారు పలచబడింది. ఆ పైన ఒకటీ అరా దారి తప్పినట్టు తిరిగాయి. తరువాత అవీ లేవు. పంచదార డబ్బా నీళ్ళ పళ్ళెం లేకుండా అరుగు మీద మామూలుగా కూర్చుంది. నేను గెలిచాను గానీ, ఊరేగింపు పోయిన ముందుగది బోసిగా అనిపించింది. అత్తయ్యకీ అలాగే అనిపించినట్టుంది. ఓ పొద్దున పెరటి గోడ మొదట్లో గుప్పెడు నూక చల్లుతూ దొరికిపోయింది. "వంటింట్లోకి రావద్దన్నాం గానీ ఆకలితో చావమన్నామా?" అంది నా వైపు చూడకుండా. అప్పుడే పక్కింటావిడ వచ్చి, ఆ మందేదో తనకీ చేసిపెట్టమని అడిగింది. అత్తయ్య చేతులు దులుపుకుని, "నాకేం తెలుసు? మా కోడల్ని అడగండి. వంటిల్లు ఆమెది" అంది. ఆ తరువాత నూక చల్లుతూ నన్నూ పక్కన కూర్చోమంది. సున్నుండల పాళ్ళు నేను నేర్చుకున్నది అక్కడే, ఆ గోడ దగ్గరే.

ఇప్పుడు నేను ఆనాటి అత్తయ్య కంటే పెద్దదాన్ని. పొట్లం చేత్తో పట్టుకుని, తల పైకెత్తుకుని బజారులో నడిచొస్తున్న ఆ పిల్ల అప్పుడప్పుడు కళ్ళ ముందు మెదులుతుంది. ఆపి, 'అంత కంగారెందుకే, ఆవిణ్ణి ముందే అడగరాదూ, నీ మీద కోపమేమీ లేదు ఆవిడకి' అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పినా వినదు. ఆ పిల్ల సంగతి నాకు తెలియదా! అందుకే నవ్వుకుని, పక్కకి తప్పుకుని, దారిస్తాను.